బీబీకీ పటేలుకూ గొంతిచ్చిన నానీ

పిల్లల అరుపులు ఒక్కసారిగా ఆగిపోయాయి. డాబా మీద తడి చీర దులుపుతున్న దాన్ని అలాగే నిలబడిపోయాను. పిల్లలు కొట్టుకుంటున్నా ఏడుస్తున్నా నాకు భయం లేదు, ఎక్కడున్నారో తెలుస్తూ ఉంటుంది. నోరు మూసుకుని ఏదో పని మీద ఉన్నారంటేనే గుండె జారుతుంది. పిట్టగోడ మీద నుంచి వంగి చూశాను.

మా ఇంటి ఎదురు ఖాళీ జాగాలో ఎవరో రైతు ఉడికిన పసుపు కొమ్ములు ఎండబోశాడు. ఆ కుప్పల పక్కన ఓ పెద్ద వీధికుక్క పడుకుని ఉంది. దాని ముందు మా ఐదేళ్ల పిల్లవాడు గొంతుక్కూర్చున్నాడు. వాడి వెనక మూడేళ్ల చెల్లెలు మా వంటింటి పసుపు డబ్బాను రెండు చేతులతో పొట్టకు అదుముకుని నిలబడింది. గిర్నీలో ఆ వారమే పట్టించుకొచ్చిన కొత్త పసుపు అది. కుక్క ఒళ్లు ఒక వైపు పచ్చగా మెరుస్తోంది. మావాడు డబ్బాలో చెయ్యి ముంచి, వీపు అయిపోయింది కాబట్టి మెడ మీదుగా చెవి దాకా వస్తున్నాడు. ఆ చెవికి పచ్చి పుండు ఉంది. కుక్క పైపెదవి లేచింది. పళ్లు కనబడ్డాయి.

నేను అరవడానికి నోరు తెరిచాను. కింద మెట్టు మీద కూర్చున్న పక్క గది ముసలామె నానీ తల పైకెత్తి, నా వైపు అరచెయ్యి చూపించింది, అరవొద్దని.

అది కొన్నేళ్ల కిందటి మాట. ఆ చెయ్యి చూపించిన మనిషి ఈ మధ్యాహ్నం పోయింది. మోర్తాడ్ నుంచి ఆమె కూతురు ఫోన్ చేసింది. మోకాళ్లు మరీ మొరాయించాక నానీ ఏడాదిగా ఆ కూతురి దగ్గరే ఉంది. పిల్లల్ని తీసుకుని బస్సులో పోయి చూసి వచ్చాను. ఇద్దరూ దారంతా ఏడ్చారు. ఇంటికొచ్చాక మా అమ్మాయి టీవీ పెట్టి, సౌండు పూర్తిగా తగ్గించి, ఆ కుక్కల బొమ్మల సీరియల్ చూస్తూ కూర్చుంది. మా టీవీకి ఇప్పుడు మంచి సౌండే ఉంది. కానీ ఆ ఒక్క సీరియల్ మాత్రం మా ఇంట్లో సౌండు లేకుండానే నడుస్తుంది. ఒకసారి ఇక్కడ ఆర్మూర్‌లోనే చుట్టాలింట్లో సౌండుతో చూసి మావాడు, "గీ కుక్కలు తప్పు మాట్లాడుతున్నయి" అని లేచి వచ్చేశాడు. ఇప్పుడు పిల్లలు పడుకున్నారు. నాకు నిద్ర రావడం లేదు కాబట్టి రాసుకుంటున్నాను.

నానీ మా పక్క గదిలో ఒక్కతే ఉండేది. బీడీలు చుట్టేది. ఒళ్లో చాట, చాటలో తడిపిన తునికాకు, పక్కన తంబాకు, చేతిలో కత్తెర. మా గుమ్మం దగ్గర వెలుతురు బాగుంటుందని మధ్యాహ్నాలు అక్కడికే వచ్చి కూర్చునేది. ఆ తంబాకు పిల్లల ఊపిరిలోకి పోతుందని నాకు భయం. చాటకూ పిల్లలకూ మధ్య ఒక చాప అడ్డంగా వేసేదాన్ని. ఆమె దానికేమీ అనుకోలేదు. "గీ చాప దాటి నా తంబాకు రాదు, నీ బిడ్డలు రారు. దేశాల నడుమ గూడ గింత కట్టుదిట్టం లేదు బిడ్డా" అని నవ్వేది. పిల్లలు మాత్రం రోజూ ఆ చాపను ఒక్కో జానెడు ఆమె వైపు జరిపేవాళ్లు.

ఒకరోజు పిడుగు పడ్డాక మా టీవీకి బొమ్మ మిగిలి గొంతు పోయింది. మా ఆయన మస్కట్‌లో ఉంటాడు. తాను వచ్చినప్పుడు కొత్తది కొందామన్నాడు. ఆ రోజు బొమ్మల సీరియల్ మొదలైంది. రెండు కుక్కలు. ఒకటి పసుపుపచ్చగా, గున్న ఏనుగులా ఉంటుంది, పిరికిది, ఎప్పుడూ ఆకలే. రెండోది నల్లగా, చెప్పంత ఉంటుంది, కానీ ఇంటి పెత్తనమంతా దానిదే. నోళ్లు ఆడుతున్నాయి, మాట రావడం లేదు. మా చిన్నది ఏడుపు మొదలుపెట్టింది. "కుక్కలకు నోరు పోయింది" అని.

టీవీలో పెద్ద కుక్క ఖాళీ గిన్నె ముందు నిలబడి ఉంది. చిన్నది గుమ్మంలో నిలబడి చూస్తోంది. నానీ ఆకు కత్తిరిస్తూనే, తల ఎత్తకుండానే సన్నటి కీచుగొంతుతో అంది:

"ఆయియే పటేల్ సాబ్! పొద్దుగూకినంక యాదికొచ్చిందా ఇల్లు? కూర నై, రొట్టె నై, గిన్నె నాకు!"

వెంటనే ఛాతీలోంచి వచ్చే బొంగురు గొంతు మూలుగ ఎముక కోసం గునిసింది: "జర నల్లి బొక్కన్న దాసిపెట్టకపోతివా బీబీ…"

మా చిన్నది ఏడుపు మధ్యలో ఆపేసింది. చెంపల మీద నీళ్లు అలాగే ఉన్నాయి. ఆ రోజు నుంచి పెద్ద కుక్క పటేలు, చిన్న కుక్క బీబీ. పటేలుకు తెలుగు, బీబీకి కోపమొస్తే ఉర్దూ. ఒకరి భాష ఒకరు ఒక్క ముక్క వదలకుండా అర్థం చేసుకునేవాళ్లు, ఒకరి మాట ఒకరు ఒక్కటీ వినేవాళ్లు కాదు.

ఆమెకు సీరియల్ కథతో పని లేదు. అక్కడ కుక్కలు విమానం ఎక్కితే, ఇక్కడ పటేలు సెలవు మీద దుబాయ్ నుంచి దిగేవాడు. బీబీ పెట్టె విప్పమని గేటు దగ్గరే ఆపేది. "సబ్బులు తెచ్చినవా? తలనొప్పి మందు తెచ్చినవా? ఒక్క దుప్పటి కోసం రెండేండ్లు పోయినవా?" అక్కడ కుక్కలు బంతి వెంట పరుగెత్తితే, ఇక్కడ పసుపు రేటు పడిపోయిందని పటేలు మార్కెట్ నుంచి పారిపోతున్నాడు. అదే భాగం మళ్లీ వస్తే మాటలు మారేవి. మావాడు పట్టుకునేవాడు.

"నానీ, మొన్న గిక్కడ పటేల్ సప్పుడు చెయ్యలే!"

"మొన్న ఊకున్నడు. ఇయ్యాల ఊకోడు. మనిషన్నంక ఎన్ని దినాలు ఊకుంటడు?"

బీడీకి దారం చుట్టి ముడి పళ్లతో తెంపేటప్పుడు ఆమెకు మాట్లాడటం కుదరదు. తెర మీద పటేలు నోరు తెరిచి మూస్తూ ఉంటాడు. పిల్లలు ఆమె పళ్లవైపు చూస్తూ ఆగుతారు. దారం తెగాక, "గిప్పటిదాక ఆలోచన చేసిండు" అని చెప్పి, మాట అందుకునేది. ఒకసారి కరెంటు పోయింది. నేను విసనకర్ర కోసం లోపలికి పోయి వచ్చేసరికి ముగ్గురూ నల్లటి టీవీ తెర వైపే చూస్తున్నారు. లోపల పటేలూ బీబీ ఎప్పటిలాగే పోట్లాడుకుంటున్నారు. కరెంటు వచ్చి బొమ్మ పడగానే మా చిన్నది, "అబ్బ! బందువెట్టు అమ్మా, ఇనస్తలేదు" అంది.

మా ఆయన ఫోన్ చేసినప్పుడు పిల్లలు సిగ్గుపడి పారిపోయేవాళ్లు. నానీ ఫోన్ అందుకుని పటేలు గొంతుతో, "ఏమయ్యా, గా మస్కట్‌ల నల్లి బొక్కలు దొరుకుతయా? దొరకకపోతె ఈడికే రారాదు? ఎన్నాళ్లుంటవు?" అని నిలదీసేది. అటు నుంచి ఆయన పడీపడీ నవ్వేవాడు. ఎన్నాళ్లుంటావన్న ప్రశ్న నేను అడగలేనిది. కుక్క అడిగితే ఆయనకు కోపం రాలేదు, పండక్కల్లా వస్తానని జవాబు కూడా చెప్పాడు.

బీబీ గొంతు ఎక్కడిది నానీ అని ఒకసారి అడిగాను.

"మా అత్తది. బతికున్నన్ని దినాలు భయపడి సచ్చిన. ఇప్పుడు కుక్కను జేసిన" అని, చెంపలు రెండూ వేసుకుని, "తౌబా, తౌబా, గీ మాట ఎవ్వలకు చెప్పకు" అంది.

"మరి పటేల్?"

ఆమె ఇంకో ఆకు తీసుకుంది. "పటేల్ ఎవ్వలు కాడు. మాయన సౌదీకి పోతుండె, వస్తుండె. ఇంట్ల కూసున్న మగడు ఎట్లుంటడో నాకేమెరుక? ఎరుక లేదు గనుకనే నాకు ఇష్టమొచ్చినట్టు చేసుకున్న."

ఇంతగా కుక్కలకు గొంతిచ్చిన మనిషికి కుక్కంటే ప్రాణభయం. గేటు దగ్గర కుక్క పడుకుని ఉంటే ఆమె బీడీల గంప నెత్తిన పెట్టుకుని కార్ఖానాకు పోవాల్సిన పని మానేసి, మా ఇంట్లోనే ఎత్తుపీట మీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చునేది. కుక్కపిల్లకైనా అంతే. వీధిలో నడిచేటప్పుడు ఒక చెప్పు కాలికి ఉండేది, రెండోది చేతిలో. "టీవీల రోజు గంటలకొద్ది కుక్కలు, బయట గింత భయమా నానీ?" అని నేను ఆటపట్టిస్తే, "టీవీల ఉన్నోళ్లు మనుషులు బిడ్డా. తోకలున్నయంతే" అనేది. 

ఆ మనిషే ఆ రోజు, నాకు అరచెయ్యి చూపించి, మెట్టు మీద నుంచి లేచింది.

ఒళ్లో చాటను రొమ్ముకు అడ్డం పెట్టుకుంది. తంబాకు అంతా కాళ్ల మీద పోయింది. రెండు చెప్పులూ మెట్టు దగ్గరే ఉండిపోయాయి. వీధి దాటి, పసుపు కుప్పల దాకా పోయి ఆగింది. నేను డాబా మెట్ల మీద చీరను ఈడ్చుకుంటూ పరుగెత్తుతున్నాను. అప్పుడు వినిపించింది బీబీ గొంతు. రోజూ మా ఇంట్లో వినిపించేంత తీరికగా.

"అరే మున్నా! ఏం చేస్తున్నవు?"

మావాడి చెయ్యి చెవి దగ్గరే గాలిలో ఆగింది. తల తిప్పలేదు. "పటేల్‌కు పసుపు పెడుతున్న బీబీ. ఇంకో దిక్కు బాకీ ఉన్నది."

"ఒక్క దిక్కే సాలు. గిదే ఫ్యాషన్. పటేల్ సాబ్‌కు నిద్రొస్తున్నది. నువ్వు సప్పుడు చెయ్యకుండ చెయ్యి కిందికి దించు. హౌ, గట్లనే. లేవకు. కూసునే ఎనకకు జరుగు. మున్నీ, నువ్వు గూడ. డబ్బ ఆడనే పెట్టు."

కుక్క గుర్రుమంది. కడుపులోంచి వచ్చే ఆ చప్పుడు నాకు గేటు దాకా వినిపించింది. బీబీ గొంతు మారలేదు.

"పటేల్‌కు కోపమొచ్చిందా బీబీ?"

"కోపం కాదు. ఆకలి. ఆయనకు ఎప్పుడు ఆకలే గద. జరుగు, జరుగు. ఇంక జర. నా కాళ్లకు తగులు."

మావాడు కూర్చున్నచోటి నుంచే కప్పలా వెనక్కి వెనక్కి జరిగి ఆమె కాళ్లకు తగిలాడు. చిన్నది ముందే వచ్చి ఆమె చీర కుచ్చిళ్లలో దూరింది. కుక్క లేచి నిలబడింది. ఒళ్లంతా ఒక్క దులుపు దులిపింది. పసుపు మేఘంలా లేచింది. ఆ పసుపు దాని ముక్కులోకే పోయి, ఒకటి రెండు మూడు, ఆగకుండా తుమ్ములు. తుమ్ముతూనే, ఇంతమంది మధ్య ఉండటం తనకు మర్యాద కాదన్నట్టు, మార్కెట్ యార్డు వైపు వెళ్లిపోయింది.

నేను పోయి ఇద్దర్నీ పట్టుకునేసరికి నానీ ఆ పసుపు కుప్ప మీదే కూలబడింది. చాట కింద పడింది. అప్పుడు తన సొంత గొంతుతో, "ఇగ ఒర్రు బిడ్డా. ఎంతన్న ఒర్రు. నేను గూడ ఒర్రుత" అంది. కానీ అరవలేదు. పళ్లు టకటక కొట్టుకుంటూ ఉంటే నవ్వడం మొదలుపెట్టింది. నేను ఏడుస్తున్నాను, ఆమె నవ్వుతోంది. పసుపు ఎండబోసిన రైతు పరుగున వచ్చి, తన కుప్ప మీద కూర్చున్న ఆమెను ఏమనాలో తెలియక, "పెద్దమ్మా, జర పక్కకు కూసోరాదు" అన్నాడు.

మావాడి చేతులు సబ్బుతో మళ్లీ మళ్లీ కడిగాను. పసుపు పోయాక మణికట్టు మీద సన్నటి ఎర్రగీత కనబడింది. గోరు గీసిందో, పన్ను తగిలిందో, అంతకుముందే ఎక్కడైనా గీరుకుందో వాడికే తెలియదు. ఆటో ఎక్కించి దవాఖానకు తీసుకుపోయాను. నానీ కూడా వచ్చింది. డాక్టరు చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, "అనుమానం పెట్టుకొని నిద్ర చెడగొట్టుకునుడెందుకు? సూదులు ఏయిద్దాం. చెప్పిన దినాలకు తప్పకుండ తీస్కరా" అన్నాడు. సూది వేస్తుంటే మావాడు ఒక్క కేక పెట్టాడు. నానీ కళ్లు మూసుకుని అంతకంటే పెద్ద కేక పెట్టింది. నర్సు ముందు ఆమెనే కూర్చోబెట్టి నీళ్లు తాగించింది.

తిరిగి వస్తుంటే యార్డు గేటు దగ్గర ఆ కుక్క కనబడింది. ఒక వైపు తెలుపు, ఒక వైపు పసుపు. బస్తాలు మోసే హమాలీలు దాని చుట్టూ చేరి, "పెండ్లి పిల్లగాడా, బరాత్ ఎన్నడు?" అని అడుగుతున్నారు. ఆటోలో నానీ కాళ్లు పైకి లాక్కుంది.

సాయంత్రానికి నా భయం కోపంగా మారింది. ఆలోచించిన కొద్దీ ఒకటే తోచింది. పిల్లలు వీధికుక్క దగ్గరికి అంత ధైర్యంగా పోయారంటే అది పటేలు లాంటిదేనని నమ్మబట్టే. నమ్మించింది ఆ గొంతులే. ఈ రోజు గీత పడింది, రేపు ఏమవుతుందో. నానీ మెట్టు ఊడ్చి తంబాకు ఏరుకుంటోంది.

"నానీ, ఇగ గా మాటలు బంద్ చెయ్యి. పిల్లలు నిజమనుకుంటున్నరు" అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. బాధపడిందో లేదో ముఖంలో తెలియలేదు. "సరే బిడ్డా. తల్లివి నువ్వు" అంది. ఏరిన తంబాకు చాటలో వేస్తూ, "కాని పిల్లలకు నువ్వే చెప్పు. నేను చెప్తె ఏ గొంతుల చెప్పాలె?" అంది.

సీరియల్ వేళకు వచ్చి కూర్చుంది. ఆకు కత్తిరించింది, దారం చుట్టింది, ముడి తెంపింది. తెర మీద రెండు కుక్కలూ నోళ్లు ఆడిస్తున్నాయి. పిల్లలు ఆమె పళ్ల వైపు చూస్తూ ఉన్నారు. దారం తెగింది. మాట రాలేదు. మా చిన్నది చాలాసేపు చూసి, మెల్లగా అడిగింది: "పటేల్‌కు గూడ సూది ఏసిండ్రా?"

నానీ గబగబా చాట ఎత్తుకుని, దీపాల వేళయిందని లేచి వెళ్లిపోయింది.

ఆ రాత్రంతా నేను పిల్లలకు ఎలా చెప్పాలో మనసులో కూర్చుకున్నాను. బీఎస్సీ చదివాను, కుక్క కాటు గురించి, రోగం గురించి చెప్పగలను. కానీ అవి మాట్లాడవు అని చెప్పడం దగ్గరే ఆగిపోయాను. చెప్పకపోతే మళ్లీ ఏదో కుక్క చెవి పట్టుకుంటారు. చెబితే ఆ ఇద్దరు మనుషులు, తోకలున్నవాళ్లు, మా ఇంట్లోంచి పోతారు. పక్క గదిలోని ముసలామెకు ఇక మా గుమ్మంలో ఏం పని?

పొద్దున పాలు తాగించి ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"ఇనుండ్రి. కుక్కలు మాట్లాడయి. టీవీల మాట్లాడింది నానీ."

మావాడు పాలమూతి తుడుచుకుంటూ నా వైపు జాలిగా చూశాడు. "నాకెరుకనే అమ్మా. నానీ నోరు కనవడదు అనుకున్నవా?"

"నాకు గూడ ఎరుకనే" అంది చిన్నది. దానికి అన్న ఏదంటే అదే.

"ఎరుకుంటె మరి నిన్న గా కుక్కకు పసుపెందుకు పూసినవురా?"

వాడు గ్లాసులోకి చూస్తూ చెప్పాడు. "టీవీల పచ్చ కుక్కకు నానీ భయపడదు గద. గీ కుక్కను గూడ పచ్చగ చేస్తె భయపడదు అనుకున్నం. అప్పుడు రెండు చెప్పులు ఏసుకొని కార్ఖానకు పోతది."

గ్లాసులు రెండూ తీసుకుని వంటింట్లోకి పోయాను. కడిగిన గ్లాసులే మళ్లీ కడిగాను. వచ్చి టీవీ పెట్టాను. సీరియల్ పొద్దున కూడా ఒకసారి వేస్తారు. పిల్లలిద్దరూ నా ముఖం చూస్తున్నారు, తిట్టు పడుతుందా లేదా అని. మావాడి గడ్డం పట్టుకుని, కళ్లలోకి చూస్తూ చెప్పాను:

"బయటి కుక్కల దిక్కు చెయ్యి లేస్తె నేను ఊకోను. పచ్చదైనా, నల్లదైనా. సూది యాదికుంచుకో. ఇగ ఇద్దరు పోయి నానీని పిలువుండ్రి. పటేల్ పొద్దుగాలనే వచ్చి కూసున్నడు, బీబీ లేకుంటె నోరు తెరుస్తలేడని చెప్పుండ్రి."